తద్విద్యుల తీర్పు

కొన్నేండ్ల క్రిందట నా క్రింది దవడలో ఒక పెద్ద పంటికి రూట్ కెనాల్ చేయించుకొని, దానిపై క్యాపు వేయించుకొంటిని. చేసిన వైద్యుడు ఊరిలో పేరుగలవాడు. మాటలో మెత్తదనము, చేతిలో వేగము గలవాడు. నెల తిరుగకమునుపే, నమలినప్పుడెల్ల ఆ పంటి మొదట సూది దింపినట్లగుటయు, తిన్నది క్యాపు ప్రక్కన ఇరుకుకొనుటయు, రాత్రివేళ చిగురు సలుపుటయు మొదలుకాగా, రెండుమారులు ఆయనయొద్దకే పోయితిని. "కొత్తలో అలాగే ఉంటుందండీ, సర్దుకుంటుంది" అని రెండుమారులును పంపివేసెను. మూడవమారు వేరొక ఊరిలో వేరొక వైద్యునికి చూపించితిని. ఆయన దీపము సరిచేసికొని, కొనయందు కొక్కెమువలె వంగిన సన్నని సాధనమును క్యాపు అంచు వెంబడి మెల్లగా జరుపుచుండగా, నాలుకవైపున ఒకచోట అది తట్టుకొని నిలిచెను. వెనుకకు తీసి మరల జరిపెను. మరల అక్కడనే తట్టుకొనెను. ఆ చిన్న శబ్దము దవడయెముక గుండా నాకును వినిపించెను. తరువాత ఎక్స్‌రే తీసి వెలుతురునకెత్తి చూచెను. ఒక వేరులో మందు కొనదాక దిగియున్నది. రెండవదానిలో సగమున నిలిచిపోయినది. ఆయన కొంతసేపు ఏమియు పలుకలేదు. "ఎక్కడ చేయించారండీ?" అని అడుగగా చెప్పితిని. "మంచి డాక్టరుగారేనండీ" అని, చేతితొడుగులు విప్పుచు, "ఇది తీసేసి మళ్ళీ చేయాలి" అనెను. "అయితే ఆయన చేసింది తప్పాండీ?" అని నేను సూటిగా అడిగితిని. ఆయన కొళాయి త్రిప్పి చేతులు కడుగుకొనుచు, నా వైపు చూడకయే, "అది నేను చెప్పకూడదండీ" అనెను.

పన్ను బాగుపడినది గాని ఆ మాట నాలో మిగిలిపోయినది. చెప్పినవాడు సజ్జనుడు; నా పంటిని తిరిగి చక్కజేసినవాడు. ఆయన మౌనమునకు మర్యాద కారణమో, భయము కారణమో, ఇరుకైన నాళములో సాధనము దింపుట యెంత కష్టమో తాను నిత్యము ఎరిగినవాడగుటచే తోటివానిపై కలిగిన దయ కారణమో నేను చెప్పజాలను. ఆ మూడును ఒకే గుండెలో ఉండదగినవే. అయినను నన్ను కలవరపెట్టినది వేరొకటి. నా నోటిలోని దోషమును చూడగలవాడు ఆ గదిలో ఆయన యొక్కడే. దానిని దోషమని పలుకరానివాడును ఆయన యొక్కడే. ఒక విద్యలోని తప్పును ఆ విద్య నేర్చినవాడే కనిపెట్టవలెను. నేర్చినవాడో, తప్పుచేసినవానికి తోబుట్టువువంటివాడు. ఇట్టిచోట న్యాయము ఎవని నోట పలుకవలెను?

రోగికి తెలిసినది నొప్పి యొక్కటే. ఆ విషయమున అతని మాటకు మించిన ప్రమాణము లేదు. ఒకని పంటిపోటును మరియొకడు అనుభవింపలేడు, తూచలేడు, కాదనలేడు. నైయాయికులు సుఖదుఃఖములను మానసప్రత్యక్షములనిరి. నా నొప్పి నాకు ప్రత్యక్షము, తక్కినవారికి నా ముఖము చూచి ఊహింపదగినది. అయితే అది దేనివలన గలిగినదో నొప్పి తానుగా చెప్పదు. పంటివేరులోని నాళము కొందరికి వంకరగా నుండును. వయస్సు మీరినవారిలో పూడుకొనిపోవును. నేర్పరి చేతిలో సైతము సన్నని ఫైలు వేరులోపల విరిగిపోవచ్చును. శాస్త్రోక్తముగ చేసిన చికిత్స విఫలమగుట కలదు. అశ్రద్ధతో చేసినది ఏండ్లతరబడి బాధింపక యుండుటయు కలదు. కావున నొప్పి యున్నంతమాత్రమున వైద్యుని తప్పు రుజువు కాదు, నొప్పి లేనంతమాత్రమున అతడు నిర్దోషి కాడు. క్యాపు అంచునకును పంటికిని నడుమ వెండ్రుకవాసి యెడమున్నదా, ఉన్నచో అది క్షమింపదగినదా, కాదా అని తేల్చుటకు, తన చేతితో వందల క్యాపులు కూర్చినవాడు కావలయును. న్యాయమూర్తి ఎంత ధీమంతుడైనను ఆ కొక్కెపు మొన తట్టుకొనుటలోని అర్థము ఆయనకు తెలియరాదు.

తనవానిపై తాను తీర్పు చెప్పవలసిన సంకటము మన పురాణేతిహాసములకు క్రొత్త గాదు. ద్రౌపది ప్రశ్నకు సభ యావత్తు మూగవోయినప్పుడు విదురుడు ఆ సభకు ఒక కథ చెప్పెను. కేశిని అను కన్యకై, ప్రహ్లాదుని కొడుకు విరోచనునికిని అంగిరసుని కొడుకు సుధన్వునికిని, ఎవరు శ్రేష్ఠులను వివాదము పుట్టి, ప్రాణములు పణముగ నొడ్డి, తీర్పునకై ఇరువురును ప్రహ్లాదునియొద్దకే వచ్చిరి. ఒకడు కన్నకొడుకు. ప్రహ్లాదుడు వెంటనే పలుకలేకపోయెను; తెలిసియు చెప్పనివాని గతి యేమని కశ్యపు నడిగెను. అట్టివానిని వేయి వరుణపాశములు బంధించుననియు, ఏటికొక్క పాశము చొప్పున మాత్రమే వీడుననియు కశ్యపుడు చెప్పగా విని, సుధన్వుడే నీకంటె శ్రేష్ఠుడని కొడుకుతో ననెను. సుధన్వుడు మెచ్చి విరోచనుని ప్రాణము విడిచిపెట్టెను. ఉద్యోగపర్వమున విదురుడు ఈ కథనే ధృతరాష్ట్రునకు మరల చెప్పినప్పుడు ఒక విశేషము కలదు: విరోచనుడు ఆ కన్య సన్నిధియందు సుధన్వుని పాదములు కడుగవలెనను నియమము. తండ్రి నిజము పలికినంతమాత్రమున కథ ముగియలేదు. ఎవరి యెదుట వివాదము పుట్టినదో వారి యెదుటనే అది కడుగబడవలసివచ్చినది. సన్నిధి యను ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

వైద్యునితో వైద్యుడు సంభాషింపవలెనని చరకసంహిత విమానస్థానమున, ఎనిమిదవ అధ్యాయమున విధించినది. తద్విద్యసంభాష, అనగా అదే విద్య నేర్చినవారి సంభాషణ, యని దాని పేరు. అది రెండు తెరగులు: కోపము లేని, మాట వినగల, ఒప్పించుటయు ఒప్పుకొనుటయు నేర్చిన పండితునితో నిస్సంకోచముగ నడచునది సంధాయసంభాష, ప్రతిపక్షి బలాబలములను, సభ స్వభావమును తూచి పోరాడునది విగృహ్యసంభాష. మొదటిదానిలో ఓడుదునేమో యను బెంగ ఉండరాదు, గెలిచితినను డంబము ఉండరాదు. వ్యవహారధర్మమును వ్రాసిన స్మృతికారులును ఇట్లే, కులము, శ్రేణి, గణము, రాజు అని న్యాయస్థానముల నొక వరుసలో నిలిపి, ఒకే వృత్తివారి శ్రేణికి తమవారి తగవులు తీర్చు అధికారమిచ్చిరి; బృహస్పతి కర్షకులకును, కారువులకును, నర్తకులకును తమ తమ ధర్మముచేతనే నిర్ణయము చేసికొను హక్కు నొసగెను. తప్పుడు చికిత్స చేసిన వైద్యునికి దండన విధించిన యాజ్ఞవల్క్యుడు పశువు విషయమున తక్కువ, మనుష్యుని విషయమున మధ్యమము, రాజపురుషుని విషయమున ఉత్తమసాహసమను అన్నిటికంటె పెద్ద జరిమానా అని మెట్లు కట్టెను. సామాన్యుని నొప్పికిని రాజపురుషుని నొప్పికిని వెలకట్టుటలో భేదము చూపిన ఆ మెట్లను నేను సమర్థింపజాలను. అయినను వైద్యుని తప్పు విచారింపదగిన తప్పేనని అంత పూర్వమే అంగీకరింపబడినదనుట గమనింపదగినది. విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, పదమూడవ శతాబ్దిలో కేతన దానిని తెనుగు పద్యములలోనికి తెచ్చెను.

నేడు శ్రేణిధర్మము దంతవైద్యమున స్పష్టముగ రూపుగట్టి కనిపించు దేశము అమెరికా. అచ్చటి దంతవైద్యుల సంఘము 1859లో ఏర్పడినది. పలు రాష్ట్రముల శాఖలును, వాని క్రింది స్థానికసంఘములును, సభ్యులపై రోగులు తెచ్చు ఫిర్యాదులను విచారించుటకు పీర్ రివ్యూ సమితులను నడుపుచున్నవి. పద్ధతి రాష్ట్రమునకు రాష్ట్రమునకు కొంత మారినను నడక స్థూలముగ నొక్కటే. రోగి తన బాధను వ్రాసి పంపును. ముందుగా సమితివాడొకడు మధ్యవర్తియై ఇరువురతోను మాటలాడి సంధికి యత్నించును; పెక్కు తగవులు ఆ మాటలతోనే తీరవచ్చును, ఏలయన వానిలో కొన్ని చేతితప్పులు గాక నోటితప్పులై యుండును. కుదరనిచో సమితిలోని దంతవైద్యులు కొందరు, సాధారణముగ ముగ్గురు, కూర్చుండి రికార్డులు, ఎక్స్‌రేలు తెప్పించుకొని, రోగిని ప్రశ్నించి, నోరు తెరిపించి స్వయముగ పరీక్షింతురు. వైద్యుని వేరుగా విచారింతురు. వివాదము ప్రత్యేకశాఖకు చెందినదైనచో ఆ శాఖ నిపుణుని కూర్చోబెట్టుదురు. చికిత్స అంగీకారయోగ్యమా కాదా యని తేల్చి, కాదన్నచో చెల్లించిన రుసుమును తిరిగి యిప్పించుటయో, సరిచేయుటకగు వ్యయము నిప్పించుటయో చేయుదురు. పడిన వేదనకు నష్టపరిహారము వారు విధింపరు. లైసెన్సు రద్దుచేయుట వారి పని కాదు, అది రాష్ట్రప్రభుత్వపు బోర్డుది. కోర్టున దావా పడినచో వారు తప్పుకొందురు. విచారణ యంతయు గోప్యము. తెలుగునాట దంతవైద్యము చదివి, అచ్చట మరల చదివి, అచ్చటనే వృత్తి సాగించుచున్నవారు పలువురు గలరు. ఆ సంఘమున సభ్యులైనచో వారికిని ఈ నియమములే వర్తించును.

ఆ సంఘము నీతినియమావళిలో, న్యాయమను శీర్షిక క్రింద, నా రెండవ వైద్యుని మౌనమునకు సంబంధించిన విధి యొకటి కలదు. పూర్వపు చికిత్సను కించపరచకయే, రోగికి అతని నోటి ప్రస్తుతస్థితిని తెలుపవలెను. అయితే తోటివాడు ఘోరముగనో, పదేపదేగనో తప్పు చికిత్స చేయుచున్నచో, తగిన విచారణసంస్థకు తెలుపుట విధ్యుక్తము. ఈ రెండు వాక్యములను విడదీయరాదని నా విశ్వాసము. మాట పలుకదగిన సభ యొకటి ఉన్నప్పుడే గదిలోని మౌనము మర్యాద యగును. అక్కడ పలుకబడునన్న నమ్మకముతో ఇక్కడ ఊరకుందుము. నా వైద్యుడు మొదటి వాక్యమును నిష్ఠతో పాటించెను. నన్నాయన ఎక్కడికి పంపవలసియుండెనో ఆ చోటు ఆయనకు కనుచూపు మేరలో లేదు. కాబట్టి ఆయనను నిందించుటకు నాకు మనసొప్పదు.

మనదేశమున 1948 నాటి దంతవైద్యుల చట్టము రాష్ట్రములలో దంతవైద్యమండలులను నెలకొల్పి, వృత్తిధర్మము తప్పినవానిని విచారించి రిజిస్టరునుండి పేరు తొలగించు అధికారము నొసగినది. దాని స్థానమున జాతీయ దంతవైద్య కమిషన్‌ను నిలుపు చట్టమును పార్లమెంటు 2023లో ఆమోదించినది. పేరు తొలగించుట మహాదండన. క్యాపు అంచు సరిగా కూర్చుండలేదని అంతటి గొడ్డలి యెత్తుటకు ఎవరికిని చేయి రాదు, రానక్కరలేదు. రూకల విషయమునకు వినియోగదారుల న్యాయస్థానము కలదు. వైద్యసేవ దాని పరిధిలోనిదే యని సుప్రీంకోర్టు 1995లో తేల్చినది. అయితే అచ్చటను మూలప్రశ్న మరల తలయెత్తకపోలేదు. వైద్యునిపై నోటీసు జారీచేయుటకు ముందు నిపుణుల అభిప్రాయము తీసికొనవలెనని 2009లో ఒక తీర్పు వచ్చినది. మలేరియాశాఖలో పనిచేసిన ఉద్యోగి యొకడు, తన భార్యకు మలేరియా ఉండగా టైఫాయిడుకు చికిత్స చేసిరని తెచ్చిన తెలుగునాటి వ్యాజ్యములో, ప్రతి కేసునను నిపుణుని అభిప్రాయము అక్కరలేదని 2010లో మరియొక తీర్పు వచ్చినది. తప్పు స్వయముగ మాటలాడుచున్నచోట తద్విద్యుడెందుకు? మాటలాడనిచోట తద్విద్యుడు లేక యెట్లు? రెండు తీర్పుల నడుమ నున్నది ఈ రెండు ప్రశ్నలే. పంటిలోని తప్పు తరచుగ మాటలాడనిది.

తీర్పరి నిపుణుడై, సజ్జనుడై యున్నంతమాత్రమున తీర్పు ధర్మమగునా? దానిని చెరుపు దోషములు రెండు: దాక్షిణ్యము, మాత్సర్యము. దాక్షిణ్యమును గూర్చి అందరును ఎరుగుదురు. "రేపు నా చేతనైనను ఇట్లే జరుగవచ్చును" అను తలపునుండి అది పుట్టును. ఆ తలపు చెడ్డదని నేననను. దానిలో వినయమున్నది, సత్యమున్నది. కాని ఆ వినయమునకు వెల రోగి చెల్లించుచున్నాడు. మాత్సర్యము అంతకంటె క్రూరము. ఆరెగాన్ రాష్ట్రమున ఆస్టోరియా యను చిన్న పట్టణములో పాట్రిక్ అను శస్త్రవైద్యుడు, ఒక క్లినిక్కువారు భాగస్వామివి కమ్మని పిలువగా కాదని, వేరుగా వృత్తి పెట్టుకొనెను. ఆ ఊరి యొకేయొక ఆసుపత్రిలో వైద్యులలో అధికసంఖ్యాకులు ఆ క్లినిక్కువారే. తరువాత ఆయన వైద్యము నాసిరకమని విచారించినదియు వారి పీర్ రివ్యూయే. ఆయన దావా వేయగా జూరీ ఆయన పక్షమున నిలిచినది. ఆ విచారణకు గుత్తాధిపత్యనిరోధ చట్టమునుండి రక్షణ లేదని 1988లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తద్విద్యుల సభ తమవానిని కాపాడు కోట కాగలిగినట్లే, తమకు పొసగనివానిని పడద్రోయు గోయియు కాగలదు.

ఈ రెండు దోషములకు మందుగా లోకము సామాన్యముగ చెప్పునది బయటివారిని సభలో కూర్చోబెట్టుట. అది మంచిదే, కాని బయటివానికి కొక్కెము మొన మాట వినిపింపదని మొదటనే చెప్పితిని. ప్రమాణమునే తద్విద్యులు నిర్ణయించుచున్నారనుట మరింత చిక్కు. బాధ్యతగల తోటివైద్యుల సమూహ మొకటి సమ్మతించు పద్ధతిని అనుసరించినవాడు నిర్లక్ష్యపరుడు కాడని 1957లో ఇంగ్లండున బోలం కేసులో చెప్పిన కొలత మన న్యాయస్థానములకును దారి చూపినది. తోటివారి ఆచారమే కొలత యైనచో, ఆచారమే తప్పినప్పుడు దిక్కెవరు? ఆ యభిప్రాయము హేతువునకు నిలువవలెనని 1997లో బొలితో కేసులో ప్రభువులసభ సవరించినది. శిష్టాచారము ధర్మమునకు ప్రమాణమే గాని శ్రుతికి విరుద్ధమైనచోట నిలువజాలదని మన మీమాంసకులు ఏనాడో నిర్ణయించినది ఇట్టి చిక్కునే.

నా మనస్సున కింతకంటె లోతైన సమాధానము బౌద్ధభిక్షువుల నియమగ్రంథమైన వినయపిటకమున దొరకినది. కృష్ణాతీరమున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలమున మహీశాసకులు, బహుశ్రుతీయులు, అపరమహావినశైలీయులు అను నికాయములవారు విహారములు కట్టుకొని నివసించిరి. ఏటేట వానకాలపు మూడు నెలల వాసము ముగిసిన దినమున వారును ప్రవారణ యను విధిని జరుపుకొనియుండవలెను. దానిలో ప్రతి భిక్షువును, వృద్ధుడు మొదలు నవకుని వరకు, సంఘము నెదుట కూర్చుండి చేతులు జోడించి, నా యందు మీరు చూచిన, వినిన, శంకించిన దోషమేమైన నున్నచో దయతో చెప్పుడు, తెలిసికొని సరిచేసికొందునని ముమ్మారు వేడుకొనవలెను. ఫిర్యాదు వచ్చువరకు కాచుకొనియుండుట లేదు. దోషము చెప్పుడని అడుగుటయే వ్రతము. నా పంటికి వైద్యము చేసిన మొదటి వైద్యుడు, నేను రెండవమారు పోయినప్పుడు, "సర్దుకుంటుంది" అనుటకు మారుగా, తోటివానిని పిలిచి "ఒకసారి చూసి చెప్పండి" అని యుండినచో, అది నాకు ప్రవారణవలెనే తోచియుండెడిది.

అంతకంటె నన్ను కదలించినది అదే పిటకమున చుల్లవగ్గములోని సుధర్ముని కథ. మచ్ఛికాసండమను చోట చిత్తుడను గృహస్థు భిక్షువుల పోషకుడు. సుధర్ముడను భిక్షువు ఈర్ష్యచే ఆయనను ఎత్తిపొడిచి మాటలాడెను. సంగతి బుద్ధునివరకు పోయినది. తప్పుచేసినవాడు సంఘమునకు చెందినవాడు, నొచ్చినవాడు సంఘము వెలుపలివాడు, మన రోగివలెనే. విచారణ సంఘమే చేసినది, తద్విద్యుల తీర్పే అది. కాని ఆ తీర్పు సంఘము నాలుగుగోడల నడుమ నిలిచిపోలేదు. సుధర్ముడు చిత్తుని యింటికి తానే పోయి క్షమాపణ వేడుకొనవలెననిరి. దానికి ప్రతిసారణీయకర్మ యని పేరు. ఒంటరిగ పోయి ముఖము చెల్లక తిరిగివచ్చిన సుధర్మునికి అనుదూత యను పేరున ఒక తోటి భిక్షువును తోడిచ్చి మరల పంపిరి.

అనుదూత చేయవలసినది వినయపిటకమున వివరముగ నున్నది. భిక్షువు క్షమింపుమని వేడినప్పుడు గృహస్థు క్షమించినచో సరి. క్షమింపనిచో తోడువచ్చినవాడు నోరు విప్పవలెను: ఇతనిని క్షమింపుమని అడుగవలెను, నా కొరకు క్షమింపుమని అడుగవలెను, సంఘము మాటపై క్షమింపుమని అడుగవలెను. తోటివాని తప్పునకు తన ముఖము నడ్డుపెట్టి వేడుకొనుటయే ఇక్కడ వృత్తిబంధుత్వము. నా రెండవ వైద్యుని నోట ఆగిపోయిన మాటకు ఇది దారియని తోచుచున్నది. అప్పటికిని గృహస్థు మెత్తబడనిచో, ఆ గృహస్థు కనుచూపు దాటక, వినికిడి దాటక, అక్కడనే భిక్షువు ఉత్తరీయము ఒక భుజముపై వేసికొని, గొంతుకూర్చుండి, చేతులు జోడించి, తన తప్పును తోడువచ్చిన భిక్షువుతో ఒప్పుకొనవలెను. ఒప్పుకోలు తోటివానికే, కాని నొచ్చినవాడు చూచుచుండగా, వినుచుండగా.

దీనికి భిన్నముగ, అమెరికాలో పలుచోట్ల ఫిర్యాదు విచారణనాడు రోగి నొకప్పుడు, వైద్యుని మరియొకప్పుడు పిలుతురు; ఇరువురును ఎదురుపడరు. కోపము రాజుకొనకుండ చేసిన ఏర్పాటు అది. దానిలోని వివేకము నాకు తెలియును. రోగి కుర్చీలో వెనుకకు వ్రాలి నోరు తెరచును, ముగ్గురు వంతులవారీగా వంగి కొక్కెపు సాధనముతో అంచును తడవుదురు, కాగితముపై ఏదో వ్రాసికొందురు, రోగి లేచి వెడలిపోవును. ఆ పిమ్మట వైద్యుడు వచ్చును. అతడు చెప్పుకొనునది, తలవంచుకొనునది, బహుశః ఒప్పుకొనునది ఆ ముగ్గురికే తెలియును. కొన్నాళ్లకు రోగి యింటికి ఒక ఉత్తరమును, ఒక్కొక్కప్పుడు ఒక చెక్కును చేరును. ఆ ఉత్తరము చేతబట్టుకొని, నాలుకకొనతో ఆ పంటి అంచును తడవుకొనుచు, ఆ మూసిన గదిలో ఏమి మాటలాడుకొనిరో యని ఆలోచించుచు నిలుచుండు మనుష్యుడు నా కన్నులకు కట్టుచున్నాడు.